వేడి పోవాలి, నీళ్లు మిగలాలి

గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నల్లమల ఎక్కే రోడ్డు పచ్చర్ల అడవి దాటి గాజులపల్లె దగ్గర నంద్యాల వైపు మైదానంలోకి దిగుతుంది. ఎండాకాలం, నిండు లోడు, ఎక్కుడు, మలుపులు, ఈ నాలుగూ ఒక్కచోట కలిసే దారి ఇది. ఘాటుకు ఇవతల మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతమంతా చాలావరకు బోరు నీళ్ల మీద బతికే నేల. అందుకే రేడియేటర్‌లో ఏం పోయాలి, ఎన్నాళ్లకొకసారి పోయాలి అన్న మాట ఇక్కడ చిన్నది కాదు. ఇంజన్ ఆయుష్షు దాని మీదే ఆధారపడి ఉంది. ఈ విషయంలో బండి నడిపేవాళ్ల లెక్క ఒకటి, బండి విప్పి లోపల చూసేవాళ్ల లెక్క ఒకటి. రెండింటిలోనూ బలముంది. ఆ రెండు పక్షాలకూ చెరో గొంతు ఇచ్చి, ఏ మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకునే ప్రయత్నమే ఈ సంవాదం.

డ్రైవరు: అల్లుడూ, ఇంజన్‌ను చల్లబరిచేది నీళ్లు. ఈ మాట కాదనేవాడు లేడు. మంచు పడే దేశాల్లో రాత్రిపూట రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, ఇంజన్ బ్లాకు పగిలిపోతుందని అక్కడివాళ్లు నీళ్లలో ఒక మందు కలపడం మొదలుపెట్టారు. దాని పేరే యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టకుండా చూసేదని. గిద్దలూరులో నీళ్లు ఎప్పుడు గడ్డకట్టాయి? మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊరికి మంచుదేశపు మందు ఎందుకు? లీటరుకు వందల రూపాయలు పోసి కొనే ఆ రంగునీళ్ల కన్నా బోరు కింద పట్టిన బిందెడు నీళ్లే వేడిని బాగా లాగుతాయి. తగ్గితే పోసుకుంటాం, మళ్లీ తగ్గితే మళ్లీ పోసుకుంటాం. ఇన్నేళ్లుగా లారీలు ఈ ఘాటు ఎక్కింది అలాగే కదా.

మెకానిక్: మామా, మీ మాటలో ఒక సగం నూటికి నూరు పాళ్లు నిజం. దాన్ని ముందే ఒప్పుకుంటాను. కిలో నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే సుమారు 4.2 కిలోజౌళ్ల వేడి కావాలి. మీరు రంగునీళ్లన్న కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌కు 2.4 చాలు. సగం సగం కలిపితే సుమారు 3.4. అంటే ఒక్కో విడతలో ఎక్కువ వేడి మోసేవి ఉత్త నీళ్లే. కాకపోతే మోయడం ఒక్కటే ఇక్కడ పని కాదు. బండిలో కాలే డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలకు చేరుతుంది. మరో మూడో వంతు సైలెన్సర్‌లోంచి పొగతో పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం సిలిండర్ గోడల్లోంచి నీళ్లలోకి దిగుతుంది. సిలిండర్‌లో మంట 2,000 డిగ్రీలు దాటుతుంది, హెడ్డుకు వాడే అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. ఆ రెంటి మధ్య అడ్డంగా నిలబడేది బ్లాకులో, హెడ్డులో తిరిగే నీళ్లే. వాటర్ పంపు నెడితే నీళ్లు సిలిండర్ల చుట్టూ తిరిగి, పై హోస్ పైపులోంచి రేడియేటర్‌కు వచ్చి, సన్నటి గొట్టాల్లోంచి దిగుతాయి. గొట్టాలకు అంటుకున్న పలుచటి రెక్కల మధ్య గాలి దూరి వేడిని పట్టుకుపోతుంది. చల్లబడిన నీళ్లు కింది పైపులోంచి మళ్లీ పంపుకు చేరతాయి. ఇందులో నీళ్ల పని హమాలీ పని. మూట మోసుకొచ్చి గాలి దగ్గర దించి, ఖాళీ చేతులతో తిరిగి రావాలి. మూటతో పాటు హమాలీ కూడా కనపడకుండా పోతుంటే ఆ సరుకు లెక్కలో ఏదో తేడా ఉన్నట్టే. రోజూ నీళ్లు పోయాల్సి వస్తున్న ఇంజన్ కూడా అలాంటిదే. అందులో ఎక్కడో జబ్బుంది.

డ్రైవరు: జబ్బు అంటే ఎలా? బండి పుట్టినప్పటి నుంచీ నీళ్లు తాగుతూనే ఉంది. పాత లారీల్లో నీళ్ల డబ్బా లేకుండా ఎవరూ బయలుదేరేవాళ్లు కాదు. ఘాటు ఎక్కాక రోడ్డు పక్కన ఆపి మూత తీసి పోయడం డ్రైవింగ్‌లో ఒక భాగం. దిగువమెట్ట దాటిన తర్వాత రెండో గేరులో, నిండు లోడుతో, మధ్యాహ్నం పూట ఎక్కుతుంటే ఏ కంపెనీ బండి అయినా మరగాల్సిందే. నీళ్లు మరిగితే ఆవిరవుతాయి. ఆవిరైతే తగ్గుతాయి. ఇందులో జబ్బేముంది, ఇది నీళ్ల స్వభావం.

మెకానిక్: మొదటి బండ్ల సంగతి మీరన్నట్టే ఉండేది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన బండిలో నీళ్లు మరిగి ఆవిరైపోవడమే చల్లబరిచే పద్ధతి. దారిలో నీళ్లు పోసుకుంటూ వెళ్లాల్సిందే. ఆ బాధ తీర్చడానికే 1900లో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ కారుకు తేనెపట్టు లాంటి రేడియేటర్ తయారుచేశాడు. అందులో 8,070 చిన్న గొట్టాలు. గాలి తగిలే చోటు అంతగా పెరగడం వల్ల తక్కువ నీళ్లే మళ్లీ మళ్లీ తిరిగి పని చేశాయి. ఆనాటి నుంచీ ఈ విద్యంతా ఒకే దిక్కుకు నడిచింది: వేడి బయటికి పోవాలి, నీళ్లు లోపలే మిగలాలి. ఇందుకోసం వచ్చిన వాటిలో మనం అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేది రేడియేటర్ మూత. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది. అది లోపల ఆపే ఒత్తిడి. ప్రెషర్ కుక్కర్ మీద గుండు చేసే పనే ఇది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు ఆ ఒత్తిడిలో సుమారు 120 దాకా మరగవు. సగం కూలెంట్ కలిపితే 130కి దగ్గరగా పోతుంది. ఒత్తిడి మరీ పెరిగితే మూతలోని స్ప్రింగు లేచి కాసిని నీళ్లను పక్క డబ్బాలోకి వదులుతుంది. ఇంజన్ చల్లారాక మూతలోనే ఉన్న రెండో చిన్న వాల్వు తెరుచుకుని ఆ నీళ్లను తిరిగి లోపలికి లాక్కుంటుంది. బయటికి పోయింది బొట్టు కూడా ఉండకూడదు. మూత రబ్బరు ఎండి చిట్లితే ఈ ఏర్పాటంతా పోతుంది. అప్పుడు మీరు ఎక్కుతున్నది మూతలేని గిన్నెతో.

ఈ 20, 30 డిగ్రీలు ఎందుకంత ముఖ్యమో ఘాటులోనే తెలుస్తుంది. రేడియేటర్ ఎంత వేడి వదులుతుందనేది నీళ్ల వేడికీ గాలి వేడికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. జనవరి తెల్లవారుజామున గాలి 25 డిగ్రీలు, నీళ్లు 95 డిగ్రీలు అనుకుంటే తేడా 70. మే మధ్యాహ్నం రోడ్డు మీద గాలి 45 అయితే అదే 95 డిగ్రీల నీళ్లకు తేడా 50 మాత్రమే. రేడియేటర్ అదే, ఫ్యాను అదే, చల్లబరిచే శక్తి మాత్రం దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. మూత ఒత్తిడి ఆపగలిగితే నీళ్లు 110కి చేరినా మరగవు. తేడా 65కి పెరుగుతుంది. పోయిన బలంలో చాలావరకు తిరిగి వస్తుంది. దీనికి తోడు ఎక్కుడులో బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఎదురుగాలి ఉండదు. భారమంతా ఫ్యాను మీదే. ఫ్యాను బెల్టు వదులైనా, మార్కాపురం పలకల గనుల దుమ్మో, కోతల పొట్టో రెక్కల మధ్య పేరుకున్నా గాలి దూరదు. కారులో ఏసీ ఉంటే దాని వేడి కూడా ముందు రేడియేటర్ ముఖాన్నే తగులుతుంది. బండి మరగడం నీళ్ల స్వభావమే కావచ్చు మామా. కానీ కంపెనీ చెప్పిన లోడుతో, అన్నీ సరిగ్గా ఉన్న బండి ఈ ఘాటులో మరగకూడదు. అది మరిగిందంటే ఈ గొలుసులో ఏదో ఒక లంకె తెగినట్టు.

డ్రైవరు: గొలుసు అన్నావు కాబట్టి అడుగుతున్నా. ఆ గొలుసులో మనకు అక్కర్లేని లంకె ఒకటుంది. థర్మోస్టాట్ వాల్వు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపడమే దాని పని. చలి దేశంలో ఇంజన్ వేడెక్కాలంటే అది కావాలి. మన ఎండలో ఇంజన్‌ను వేడెక్కించడానికి ప్రత్యేకంగా ఒక వాల్వా? అది పట్టేస్తే ఇంజన్ కాలిపోతుంది. అందుకే చాలామంది దాన్ని పీకి పక్కన పెడతారు. నీళ్లు ఎప్పుడూ తిరుగుతుంటాయి, ఇంజన్ ఎప్పుడూ చల్లగా ఉంటుంది. దీనిలో తప్పు చూపించు.

మెకానిక్: చూపిస్తాను. ముందు ఒక తప్పుడు కారణాన్ని పక్కన పెడదాం. వాల్వు లేకపోతే నీళ్లు మరీ వేగంగా తిరిగి వేడిని పట్టుకోలేవని మా పక్షంలో కొందరు చెబుతారు. అది నిజం కాదు. వేగం పెరిగితే వేడి ఎక్కువే పోతుంది. అసలు కారణాలు వేరు. వాల్వు లోపల మైనం ఉంటుంది. 80, 90 డిగ్రీల మధ్య అది కరిగి, ఉబ్బి, దారి తెరుస్తుంది. చాలా ఇంజన్లలో ఆ వాల్వు చేసేది ఒక పని కాదు, రెండు. రేడియేటర్ దారి తెరిచేటప్పుడు, నీళ్లు రేడియేటర్‌కు పోకుండానే ఇంజన్‌లోకి తిరిగొచ్చే అడ్డదారిని మూస్తుంది. వాల్వు పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఘాటులో ప్రతి చుక్కా రేడియేటర్‌కు పోవాల్సిన సమయంలో కొంత వేడి నీరు చల్లబడకుండానే తిరిగొస్తుంది. చల్లదనం కోసం పీకిన వాల్వు వల్లే ఆ ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంది. ఇక చల్లగా తిరిగే ఇంజన్ సంగతి. గోడలు చల్లగా ఉంటే ఇంధనం పూర్తిగా కాలదు. మిగిలింది పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. అరుగుదల పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఇంజన్ తొందరగా రీబోరింగ్‌కు వస్తుంది. కంభం చెరువు గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలం నుంచీ నిలిచి ఉంది. దానికి కట్ట ఎంత ముఖ్యమో తూము అంత ముఖ్యం. తూము ఇరుక్కుపోతుందన్న భయంతో దాన్ని పెరికేస్తే అది చెరువు కాదు, వాగు. పాడైన వాల్వును మార్చడం సరైన పని. దాని చోటును ఖాళీగా వదలడం కాదు.

డ్రైవరు: సరే, వాల్వు మాట ఒప్పుకుంటున్నా. మూత మాట కూడా ఒప్పుకుంటున్నా. కానీ నీళ్ల మాట ఇంకా తేలలేదు. మూత బాగుండి, ఫ్యాను బాగుండి, వాల్వు బాగుంటే నువ్వన్నట్టు నీళ్లు తగ్గవు. తగ్గనప్పుడు అవి బోరు నీళ్లయితేనేం? ఊళ్లో జనం తాగి బతికిన నీళ్లు ఇనుముకు పడవా? మరీ అంత అనుమానమైతే వీధి వీధికీ ఆర్‌వో ప్లాంటు ఉంది. 20 లీటర్ల క్యాను తెచ్చి పోస్తాను. కూలెంట్ అవసరం అప్పుడూ లేదు కదా.

మెకానిక్: తాగే నీళ్ల కొలత వేరు, ఇంజన్ నీళ్ల కొలత వేరు మామా. తాగేనీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు పర్వాలేదని అది చెబుతుంది. మనిషి ఒళ్లు దాన్ని తట్టుకుంటుంది. సిలిండర్ హెడ్డు తట్టుకోదు. ఈ ప్రాంతంలో బోరు నీళ్లంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడు, గారపళ్లు. అది మనుషుల ఎముకలకు పట్టిన పీడ. రేడియేటర్‌కు పట్టే పీడ వేరు, అది నీళ్లలో కరిగి ఉన్న సున్నం. ఉప్పూ చక్కెరా నీళ్లు వేడెక్కే కొద్దీ ఎక్కువ కరుగుతాయి. సున్నం సంగతి తలకిందులు. నీళ్లు వేడెక్కగానే అందులోని బైకార్బొనేటు విరిగి, కరగని కార్బొనేటుగా మారి గోడకు అంటుకుంటుంది. టీ గిన్నెలో తెల్లపొర అడుగునే ఎందుకు కడుతుందంటే మంట తగిలేది అక్కడే కాబట్టి. ఇంజన్‌లో అన్నిటికన్నా వేడి చోటు హెడ్డు, అందులోనూ పొగ బయటికి పోయే వాల్వుల చుట్టూ. సున్నం ముందుగా పట్టేది సరిగ్గా అక్కడే. చల్లదనం ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే దారికి అడ్డం పడుతుంది. ఒక్క మిల్లీమీటరు పొర కనీసం రెండు సెంటీమీటర్ల పోత ఇనుమంత వేడిని ఆపేస్తుంది.

ఇక రోజూ పోయడం సంగతి. ఒక లెక్క వేద్దాం. లీటరులో 500 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్లు అనుకోండి. 6 లీటర్లు ఒక్కసారి నింపితే లోపలికి పోయేది 3 గ్రాములు. దానితో పెద్ద ప్రమాదం లేదు. కానీ రోజుకు అర లీటరు ఆవిరై పోతూ, అర లీటరు పోస్తూ ఉంటే ఏడాదికి 180 లీటర్లకు పైగా అవుతుంది. ఆ నీళ్లతో 90 గ్రాములు లోపలికి చేరతాయి. నీళ్లు ఆవిరై వెళ్లిపోతాయి, సున్నం వెళ్లదు. అందులో సగమే గోడలకు పట్టినా 45 గ్రాములు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. గిద్దలూరు మీదుగా గుంటూరు, గుంతకల్లు మధ్య మీటరు గేజి మీద ఆవిరింజన్లు తిరిగిన రోజుల్లో బాయిలర్ కడగడం రైల్వే షెడ్లలో తప్పనిసరి పని. కడగకపోతే గొట్టాలు కాలిపోయేవి. ఆ రోజుల రైలువాళ్లకు తెలిసిన సంగతి లారీ విషయంలో మనం మరిచిపోయాం.

ఆర్‌వో నీళ్లు బోరు నీళ్ల కన్నా ఎన్నో రెట్లు మేలు, ఆ మాట నిజం. అందులో సున్నం చాలావరకు ఉండదు. డిస్టిల్డ్ వాటర్ అయితే ఇంకా మేలు. కానీ సున్నం లేనంత మాత్రాన తుప్పు ఆగదు. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, పాత బండ్లలో రాగి, ఇత్తడి రేడియేటర్, వాటిని అతికిన టంకం, ఇన్ని లోహాలు ఒకే నీళ్లలో నానుతుంటే లోపల చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో బలహీనమైన లోహం కరిగిపోతూ ఉంటుంది. కూలెంట్‌లో మన ఎండకు అసలు కావలసింది ఈ తుప్పును ఆపే మందులు. గడ్డకట్టకుండా చూసే గుణం మనకు అక్కర్లేదు. మరిగే హద్దు పెంచడం, లోహాన్ని కాపాడటం, ఈ రెండూ కావాలి. లారీ డీజిల్ ఇంజన్లలో లైనర్లు నేరుగా నీళ్లలోనే నిలబడి ఉంటాయి. పిస్టన్ దెబ్బకు లైనరు అదిరినప్పుడల్లా నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి, పగిలి, లోహాన్ని సూది పొడిచినట్టు తొలిచేస్తాయి. సరైన మందు కలిపితే లైనరు మీద ఒక రక్షణ పొర నిలుస్తుంది. ఉత్త నీళ్లు ఎంత శుభ్రమైనవైనా ఆ పని చేయలేవు.

డ్రైవరు: ఇంత చెప్పావు కాబట్టి నాకున్న చివరి మూడు అభ్యంతరాలూ చెబుతా. ఒకటి, ఖర్చు. రోజు కిరాయితో బతికేవాడికి కూలెంట్ డబ్బా భారమే. రెండు, అది విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పశువులు తాగుతాయి, చచ్చిపోతాయి. మంచినీళ్లే కరువైన ఊళ్లో దాన్ని కాలువలో పారబోస్తే పాపం ఎవరిది? మూడు, పాత బండికి ఏళ్ల తర్వాత లోపల కడిగి కూలెంట్ పోయగానే రేడియేటర్ కారడం మొదలవుతుంది. అది పోసినందుకే చెడిపోయిందని జనం అనుకోవడంలో తప్పులేదు.

మెకానిక్: ఈ మూడింటిలో రెండోదానికి నా దగ్గర ఎదురుమాట లేదు. ఇథిలీన్ గ్లైకాల్ నిజంగా విషమే. మనుషులకూ పశువులకూ ప్రాణం తీస్తుంది. దాన్ని నేల మీదో కాలువలోనో పారబోసే షెడ్డు ఎంత మంచి మెకానిక్‌దైనా తప్పు చేస్తున్నట్టే. పాతది డబ్బాలో పట్టి మూత బిగించి, పాత ఆయిల్‌తో కలపకుండా విడిగా దాచి, తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. కారుతున్న బండిని కారుతూ వదిలేయకూడదు. నీళ్లు లోపలే మిగలాలన్న సూత్రానికి ఇది ఇంకో కారణం. ఖర్చు విషయంలో చూడాల్సింది డబ్బా ధర కాదు, అది పనిచేసే కాలం. బండి పుస్తకంలో రాసిన గడువు వరకు, చాలా బండ్లకు రెండేళ్లో అంతకు మించో, దాన్ని మార్చక్కర్లేదు. హెడ్డు వంగి గ్యాస్కెట్ పోతే విప్పడానికి, చెక్కించడానికి అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఆ కొద్ది డబ్బు కూడా కష్టమైతే డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పుమందు మాత్రమే కలుపుకోవడం ఉత్త బోరు నీళ్ల కన్నా వెయ్యి పాళ్లు నయం. అయితే మీ బండికి ఏ రకం మందు పడుతుందో పుస్తకం చూసే కలపాలి. ఒక రంగు మీద ఇంకో రంగు పోయకూడదు. మూడోది కారడం గురించి. కడిగినందువల్ల రంధ్రం పడలేదు. రంధ్రం ఎప్పుడో పడింది, సున్నం దాన్ని పూడ్చి దాచింది. పూడిక తీయగానే అది బయటపడింది. ఆ సున్నమే పక్క గొట్టాలను కూడా పూడ్చింది కాబట్టి మీ బండి ఘాటులో మరుగుతోంది.

డ్రైవరు: మరి ముల్లు? టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటనంత వరకు ఇంజన్‌కు ఏమీ కాదని మా నమ్మకం. దాటితే వెంటనే ఆపి మూత తీసి చల్లనీళ్లు పోయడం మా అలవాటు.

మెకానిక్: ఆ రెండూ ప్రాణాంతకమైన అలవాట్లు మామా, అందుకే చివర్లో అయినా ఈ మాట వచ్చినందుకు సంతోషం. ముల్లు చూపించేది నీళ్ల వేడిని, లోహం వేడిని కాదు. సున్నం పట్టిన హెడ్డులో నీళ్లు 95 దగ్గర ఉన్నా పొర వెనక లోహం మండుతూ ఉండొచ్చు. నీళ్లన్నీ కారిపోతే సెన్సరు ఉత్త గాలిలో నిలబడి ముల్లు కిందికి దిగినా దిగుతుంది. ఇక మూత. లోపల 115 డిగ్రీల నీళ్లు ఒత్తిడి వల్లే నీళ్లుగా ఉన్నాయి. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి అవి ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఉడుకుతున్న కుక్కర్ మూత ఎవరూ తెరవరు, ఇదీ అంతే. కాలుతున్న హెడ్డు మీద చల్లనీళ్లు పడితే అది చిట్లుతుంది. ముల్లు పైకి లేస్తుంటే ముందు ఏసీ ఆపాలి, కారులో హీటర్ ఉంటే పూర్తిగా తెరవాలి. అది చిన్న రేడియేటర్ లాంటిదే. నీడ చూసి బండి ఆపాలి. ఆవిరి చిమ్ముతుంటే ఇంజన్ వెంటనే ఆపేయాలి. అర గంటకు తక్కువ కాకుండా ఆగి, పై హోస్ పైపు చేతికి ఆనేంత చల్లారాకే మూత ముట్టుకోవాలి. అప్పుడు ఏ నీళ్లు దొరికితే ఆ నీళ్లు, వాగు నీళ్లయినా సరే, మెల్లగా పోయండి. ఆ వేళకు అవే మందు. ఊరు చేరాక వాటిని దింపేసి, ఎందుకు తగ్గాయో వెతకాలి.

డ్రైవరు: అంటే మాకు నీళ్ల మీద ఉన్న నమ్మకం తప్పు కాదు, తగ్గినవాటిని నింపడమే వైద్యం అనుకోవడం తప్పు. ఇన్నాళ్లూ బండి ఎంత తాగుతుందో లెక్కపెట్టుకున్నాం కానీ ఎందుకు తాగుతుందో అడగలేదు. మరి క్యాబిన్‌లో ఉన్న నీళ్ల డబ్బాను దించేయమంటావా?

మెకానిక్: దించొద్దు మామా, ఉంచండి. నల్లమల దారిలో అది ఉండాల్సిందే. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ పక్కనున్న డబ్బాలో గీత చూడండి, మూత రబ్బరు చూడండి, బెల్టు నొక్కి చూడండి, రెక్కల్లో దుమ్ము చూడండి. తర్వాత ఘాటు ఎక్కండి. గాజులపల్లెలో దిగేసరికి క్యాబిన్‌లోని డబ్బా ఎంత నిండుగా ఎక్కిందో అంత నిండుగానే ఉందంటే ఆ రోజు మీ రేడియేటర్ తన పని పూర్తిగా చేసినట్టు.